ముఖాన్ని ఎవరి చేతిలో పెడుతున్నాం?

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోనో కొండాపూర్‌లోనో, విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరో, విశాఖ సిరిపురంలోనో మెయిన్ రోడ్డు వెంట నడుస్తూ తలెత్తి చూస్తే అందం క్లినిక్‌ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ముక్కు సరిచేస్తామనీ, కళ్ల కింద సంచులు తీసేస్తామనీ, గడ్డం చెక్కినట్టు చేస్తామనీ వాటి మీద రాసి ఉంటుంది. డాక్టర్ పేరు పక్కన అక్షరాలు బారులు తీరి ఉంటాయి. ఎంబీబీఎస్, దాని వెనక ఒక ఫెలోషిప్, ఒక డిప్లొమా, ఎక్కడిదో ఒక విదేశీ అకాడమీ పేరు. వీటిలో ఏది పదకొండున్నరేళ్ల చదువుకు గుర్తో, ఏది రెండు రోజుల వర్క్‌షాప్‌కు గుర్తో చాలామందికి తెలియదు. ముఖానికి ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవారు ముందుగా తెలుసుకోవాల్సింది అదే.

రెండొందల గజాల ప్లాటు కొనాలంటే లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, వకీలుకు చూపిస్తాం. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీలు, తెలిసినవాళ్ల మాట, పండగ ఆఫరు సరిపోతున్నాయి. ప్లాటు పోతే కోర్టుకైనా వెళ్లి తెచ్చుకోవచ్చు. ముఖంలో ఒక నరం తెగితే తెచ్చుకునే దారి చాలాసార్లు ఉండదు.

ఈ చికిత్సలు ఇప్పుడు సినిమావాళ్లకే పరిమితం కాలేదు. ప్రపంచవ్యాప్తంగా 2023లో కత్తితోనూ సూదితోనూ కలిపి దాదాపు 3.49 కోట్ల సౌందర్య చికిత్సలు జరిగాయని అంతర్జాతీయ సౌందర్య ప్లాస్టిక్ సర్జన్ల సంఘం లెక్కగట్టింది. మన దగ్గర పెళ్లి ముహూర్తం కుదరగానే క్లినిక్ అపాయింట్‌మెంట్ తీసుకునే అబ్బాయిలూ అమ్మాయిలూ పెరిగారు. అందులో తప్పేమీ లేదు. చిన్నప్పటి నుంచి బాధపెడుతున్న వంకర ముక్కును సరిచేయించుకోవాలనుకోవడం ఎవరి ఇష్టం వారిది. ఆ ఇష్టాన్ని ఎవరి చేతిలో పెడుతున్నారన్నదే అసలు విషయం.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెళ్లి దగ్గరపడిన ఒక యువకుడు చిరునవ్వును తీర్చిదిద్దే దంతచికిత్సకు వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. మత్తుమందు మోతాదు మించడమే కారణమని కుటుంబం ఆరోపించింది, పోలీసులు కేసు నమోదు చేశారు. 2025లో కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్న ఒక ఇంజనీరు ముఖం వాచిపోయి మరణించాడు. ఆ చికిత్స చేసింది దంతవైద్యురాలన్న ఫిర్యాదుపై అక్కడా కేసు నమోదైంది. ఇద్దరూ ఆరోగ్యంగానే క్లినిక్‌లో అడుగుపెట్టారు. జబ్బుతో వెళ్లినవాళ్లు కారు.

అక్షరాల వెనక చదువు

మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే నడవాల్సిన దారి పొడవైనది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు. ఆ తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు. దాని మీద ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ మరో మూడేళ్లు. మొత్తం పదకొండున్నరేళ్లు. నేషనల్ బోర్డు పరీక్ష ద్వారా వచ్చే డీఎన్‌బీ, ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్న డిగ్రీ కూడా దీనికి సమానమే. బోర్డు మీద ‘ఎంసీహెచ్, ప్లాస్టిక్ సర్జరీ’ అనో, ‘డీఎన్‌బీ, ప్లాస్టిక్ సర్జరీ’ అనో ఉంటే ఆ మనిషి ఇంత దూరం నడిచి వచ్చారని అర్థం. కాలిన గాయాలు, రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయిన దవడలు, గ్రహణమొర్రి, క్యాన్సర్ తీసేశాక ముఖంలో మిగిలిన ఖాళీలు, ఇవన్నీ సరిచేస్తూ నేర్చుకున్న చేతులవి. ముఖం లోపల ఏ పొర కింద ఏ నరం పోతుందో ఆ చేతులకు తెలుస్తుంది.

అయితే ముఖానికి ఆపరేషన్ చేసే అర్హత ప్లాస్టిక్ సర్జన్లకు మాత్రమే ఉందనుకోవడమూ సరికాదు. ముక్కు లోపలి గోడ వంకరతో పాటు బయటి ఆకారాన్ని సరిచేయడంలో తర్ఫీదు పొందిన ఈఎన్‌టీ సర్జన్లు ఉన్నారు. కనురెప్పల ఆపరేషన్లలో ప్రత్యేక శిక్షణ తీసుకున్న కంటి సర్జన్లున్నారు. దవడ ఎముకను కోసి ముందుకో వెనక్కో జరిపే పనిలో బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చేసిన మాక్సిల్లోఫేషియల్ సర్జన్లది అందెవేసిన చేయి. బొటాక్స్, ఫిల్లర్లు, లేజర్ లాంటివి ఎండీ చేసిన చర్మవైద్యుల పరిధిలోవే. కాబట్టి చూడాల్సింది ఆ డాక్టర్ పొందిన శిక్షణకూ, మనం చేయించుకోబోయే ఆపరేషన్‌కూ పొంతన ఉందా అని. కనురెప్పల్లో చెయ్యి తిరిగిన సర్జన్‌కు ముఖం చర్మం బిగించే ఆపరేషన్ అప్పగించడం సరైన ఎంపిక అనిపించుకోదు.

ఇక మూడో రకం ఉంది. ‘కాస్మెటాలజిస్ట్’, ‘ఏస్తెటిక్ ఫిజీషియన్’, ‘ఫేస్ డిజైనర్’ అనే పేర్లు వినడానికి బరువుగా ఉంటాయి. వీటి వెనక ఏ సర్జరీ డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. వారాంతపు కోర్సు చేసినవారూ ఆ పేరు పెట్టుకుంటున్నారు. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో జుట్టు మార్పిడి గురించి మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి చాలదని స్పష్టంగా చెప్పింది. కమిషనే నోరు తెరిచి ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే బయట పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ముఖాన్ని సరిచేసే ఈ శస్త్రవిద్యకు పుట్టిల్లు మన దేశమే. నుదుటి చర్మాన్ని తిప్పి తెగిన ముక్కును కట్టే పద్ధతిని పుణె దగ్గర ఒక వైద్యుడు చేస్తుండగా చూసినవారు రాసిన వివరాలు 1794లో లండన్ పత్రిక ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో అచ్చయ్యాయి. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ ముందు శవాల మీద సాధన చేసి, 1814లో గానీ బతికున్న మనిషి మీద కత్తి పెట్టలేదు. రెండొందల ఏళ్ల కిందటే ఒక డాక్టర్ పెట్టుకున్న ఈ నియమాన్ని నేటి రోగి తన డాక్టర్ నుంచి కోరడం అత్యాశ కాదు.

రిజిస్టర్‌లో పేరు చూడాలి

డిగ్రీ ఉందో లేదో తేల్చుకోవడం కష్టమైన పని కాదు. డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలనీ, మందుల చీటీ మీద, రసీదు మీద ముద్రించాలనీ 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. పేరు పక్కన గుర్తింపు పొందిన అర్హతలే రాసుకోవాలనీ అదే నియమావళిలో ఉంది. ఆ నంబరు తీసుకుని జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో వెతకవచ్చు. తెలంగాణలో అయితే తెలంగాణ వైద్య మండలి దగ్గర, ఆంధ్రలో అయితే ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి దగ్గర సరిచూసుకోవచ్చు. దంతవైద్యుల రిజిస్టర్ వేరు, అది డెంటల్ కౌన్సిల్ దగ్గర ఉంటుంది.

చూసేటప్పుడు ఒక మెలకువ అవసరం. పేరు కనిపించగానే సరిపోయిందనుకోకూడదు. పేరు పక్కన ఎంబీబీఎస్ ఒక్కటే ఉందా, పీజీ డిగ్రీ కూడా నమోదైందా అన్నది చదవాలి. బోర్డు మీద ‘సర్జన్’ అని ఉండి, రిజిస్టర్‌లో ఎంబీబీఎస్ మాత్రమే ఉంటే ఆ సంగతి నేరుగా డాక్టర్‌నే అడగాలి. పీజీని ఇంకా నమోదు చేయించుకోని సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు డిగ్రీ ఏ కాలేజీ నుంచి, ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పడానికి నిజమైన డాక్టర్‌కు ఇబ్బంది ఉండదు. 1957లో ఏర్పడిన భారత ప్లాస్టిక్ సర్జన్ల సంఘంలో సభ్యత్వం ఉందా అని అడగడం కూడా పనికొస్తుంది. అసలు రిజిస్ట్రేషనే లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ ఆపరేషన్ మీరెన్ని చేశారు?

డిగ్రీ తర్వాత అడగాల్సింది అనుభవం గురించి. ఎన్నేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారన్న దానికంటే, మనకు చేయబోయే ఆపరేషన్‌నే ఎన్నిసార్లు చేశారన్నది ముఖ్యం.

ముక్కునే తీసుకుందాం. బయటి నుంచి చూస్తే చిన్న అవయవం. ఆపరేషన్‌లో రెండు ముక్కురంధ్రాల మధ్య ఉన్న సన్నని చర్మపు పట్టీని కోసి, ముక్కు మీది చర్మాన్ని పైకి ఎత్తుతారు. కింద కొన దగ్గర మృదులాస్థి, పైన దూలం దగ్గర ఎముక కనిపిస్తాయి. దూలం మీద ఎత్తుగా ఉన్న బొడిపెను అరగదీస్తారు. అరగదీశాక పైన ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని పూడ్చడానికి పక్క ఎముకలను సన్నని ఉలితో విరిచి లోపలికి జరుపుతారు. కొన నిలబడాలంటే ఊతం కావాలి కాబట్టి, లోపలి గోడ నుంచి మృదులాస్థి ముక్క తీసి కుడతారు. ఒక మిల్లీమీటరు ఎక్కువ తీస్తే ముక్కు కుంగుతుంది, ఊతం తగ్గితే ఊపిరి ఆడదు. వారం రోజులు పైన పట్టీ ఉంటుంది. వాపు చాలా వరకు కొన్ని వారాల్లో తగ్గినా, కొన దగ్గరిది పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది. మందపాటి చర్మం ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. అందుకే నెల రోజుల్లో పెళ్లి ఉన్నవారికి ముక్కు ఆపరేషన్ చేస్తానని ఒప్పుకునే సర్జన్ గురించి రెండోసారి ఆలోచించాలి. తేడా వస్తే మళ్లీ సరిచేయడానికి సాధారణంగా ఏడాదైనా ఆగాలి. ఆ రెండో ఆపరేషన్ మొదటి దానికంటే కష్టం.

అనుభవాన్ని అంచనా వేయడానికి ‘ముందు, తర్వాత’ ఫొటోలు చూపిస్తారు. వాటిని చూసే పద్ధతి ఉంది. రెండు ఫొటోల్లో వెలుతురు ఒకటేనా, తల ఒకే కోణంలో ఉందా, రెండో దాంట్లో మేకప్ ఉందా అన్నది గమనించాలి. ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు తీసిందో అడగాలి. మూడు వారాల ఫొటో ఫలితం చెప్పదు. మన వయసు, మన చర్మం రంగు ఉన్నవారివి చూపించమనాలి. ఇది మనవాళ్లకు మరీ ముఖ్యం. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో గాయం మానిన చోట నల్లమచ్చ పడటం, మచ్చ ఉబ్బి కీలాయిడ్‌గా మారడం తెల్లవారి చర్మంతో పోలిస్తే ఎక్కువ. చెవి కుట్టించుకున్నప్పుడో, టీకా వేయించుకున్నప్పుడో మచ్చ ఉబ్బిన చరిత్ర ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పాలి.

మత్తు ఇచ్చేదెవరు, గది ఎలాంటిది

సర్జన్ ఎంత గొప్పవారైనా, ఆపరేషన్ జరిగే చోటు సరిగా లేకపోతే ప్రమాదమే. ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి చాలాసార్లు కత్తి వల్ల కాక మత్తు వల్ల తలెత్తుతుంది.

‘లోకల్ ఇంజెక్షనే, ఏం కాదు’ అనే మాట క్లినిక్‌లలో తరచూ వినిపిస్తుంది. ఆ ఇంజెక్షన్‌లో ఉండే లిగ్నోకైన్‌కూ ఒక హద్దు ఉంది. అడ్రినలిన్ కలిపినప్పుడు కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు, కలపనప్పుడు 4.5 మిల్లీగ్రాములు గరిష్ఠంగా పాటిస్తారు. అంటే 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిపిన 2 శాతం మందు దాదాపు 21 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటితే ముందు పెదాలు మొద్దుబారతాయి, చెవుల్లో హోరు వినిపిస్తుంది. తర్వాత ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. దానికి విరుగుడుగా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే తెల్లటి ద్రవాన్ని సిరలోకి ఎక్కించాలి. అది ఆ గదిలో ఉందా, దాన్ని వాడటం తెలిసినవారు ఉన్నారా అని అడిగే హక్కు రోగికి ఉంది.

పూర్తి మత్తు గానీ, నిద్రపుచ్చే మందు గానీ ఇస్తుంటే వేరుగా అర్హత ఉన్న మత్తు డాక్టర్ ఉండి తీరాలి. సర్జనే ఒక చేత్తో మత్తిచ్చి మరో చేత్తో కత్తి పట్టుకుంటానంటే ఒప్పుకోకూడదు. ఆక్సిజన్, గుండె, శ్వాస చూపించే మానిటర్, షాక్ ఇచ్చే యంత్రం ఉన్నాయో లేదో చూడాలి. పరిస్థితి విషమిస్తే ఏ ఆస్పత్రి ఐసీయూకి తీసుకెళ్తారో ముందే తెలుసుకోవాలి. ఆ సర్జన్ ఏదైనా పెద్ద ఆస్పత్రిలో ఇదే ఆపరేషన్ చేస్తుంటే మరీ మంచిది. అక్కడ డాక్టర్ అర్హతలను చూసి గానీ థియేటర్ ఇవ్వరు.

సూదితో ముప్పు ఉండదా?

ఫిల్లర్లను ఆపరేషన్‌గా చూడరు. లంచ్ బ్రేక్‌లో అయిపోతుందని ప్రచారం చేస్తారు. ముక్కు దూలం మీదా, కనుబొమల మధ్యా ఎక్కించే ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే ఏం జరుగుతుందో ఆ ప్రచారంలో ఉండదు. అక్కడి నాళాలకు కంటికి రక్తం తీసుకెళ్లే నాళంతో సంబంధం ఉంది. ఫిల్లర్ అటువైపు వెళ్లి అడ్డుపడితే రెటీనాకు రక్తం ఆగిపోయి చూపు పోవచ్చు. చర్మానికి వెళ్లే నాళంలో అడ్డుపడితే ఆ చోటు ఉన్నట్టుండి తెల్లబడుతుంది, భరించలేని నొప్పి వస్తుంది, తర్వాత వలలాంటి నీలి చారలు తేలతాయి, చివరికి చర్మం చచ్చిపోతుంది. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే దాన్ని కరిగించే హయలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఉంది. వెంటనే ఇవ్వగలిగితే చర్మాన్ని చాలావరకు కాపాడవచ్చు. ఆ ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో లేని చోట, ఆ లక్షణాలను గుర్తుపట్టలేని బ్యూటీ పార్లర్‌లో ఫిల్లర్ వేయించుకోవడం ప్రాణంతోనూ చూపుతోనూ చెలగాటం. ఎక్కించే మందు సీసా మీది పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి, ఆ స్టిక్కర్‌ను మన ఫైలులో అంటించమని అడగాలి.

వద్దని చెప్పే డాక్టర్

మొదటి కన్సల్టేషన్‌లోనే డాక్టర్ ఎలాంటివారో చాలావరకు తెలిసిపోతుంది. ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చి ఫోన్‌లో హీరోయిన్ ఫొటో చూపిస్తూ ‘డాక్టర్ గారూ, ఇలాంటి ముక్కు కావాలి’ అందనుకుందాం. ‘తప్పకుండా చేసేద్దాం, ఈ వారమే డేట్ ఇస్తా’ అనే వారి దగ్గర జాగ్రత్త. ‘చూడమ్మా, నీ ముఖానికి ఆ ముక్కు అతకదు. నీ చర్మం మందం, అంత సన్నం కొన రాదు. ఈ మాత్రం చేయగలను. ఊపిరి ఎలా ఉంది? మాత్రలేమైనా వాడుతున్నావా?’ అని అడిగేవారి దగ్గర కూర్చుని మాట్లాడవచ్చు.

మంచి సర్జన్ బీపీ, షుగర్ గురించి అడుగుతారు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నారా, మూలికలు ఏమైనా తింటున్నారా అని అడుగుతారు. సిగరెట్ తాగేవారిని నాలుగు వారాల ముందే మానమంటారు. ముఖం చర్మం బిగించే ఆపరేషన్‌లో పొగతాగేవారికి చెవుల చుట్టూ చర్మం మానకుండా చచ్చిపోయే ముప్పు ఎక్కువ. అదే ఆపరేషన్‌లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది చర్మం కింద రక్తం గూడుకట్టడం. ముఖంలో కవళికలను కదిలించే నరం అయిదు ప్రధాన కొమ్మలుగా చీలుతుంది, వాటిలో ఒకటి దెబ్బతిన్నా నవ్వు వంకర పోవచ్చు. ఇవన్నీ మనం అడగకుండానే చెప్పేవారు నిజాయతీపరులు. ‘రిస్క్ జీరో’ అనే మాట ఏ ఆపరేషన్‌కూ వర్తించదు.

కొందరికి అసలు లోపమే ఉండదు. అద్దంలో కనిపించే చిన్న తేడా మనసులో కొండంతై రోజంతా పీడిస్తుంది. దాన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. సౌందర్య చికిత్సలకు వచ్చేవారిలో ఇది సాధారణ జనంలో కంటే ఎక్కువ. వీరికి ఎన్ని ఆపరేషన్లు చేసినా తృప్తి కలగదు. మానసిక వైద్యుల సాయం కావాలి. అలాంటివారిని గుర్తుపట్టి ఆపరేషన్ చేయనని చెప్పే సర్జన్ తన ఫీజును వదులుకుని రోగిని కాపాడుతున్నారని గ్రహించాలి.

కాగితాలు, డబ్బు, హక్కులు

సమ్మతి పత్రం మీద సంతకం చివరి నిమిషంలో, ఆపరేషన్ గౌను వేసుకున్నాక పెట్టేది కాదు. ఏ ఆపరేషన్‌కు ఒప్పుకున్నారో దానికే అనుమతి వర్తిస్తుందనీ, ప్రాణాపాయం ఉంటే తప్ప డాక్టర్ అంతకు మించి చేయకూడదనీ 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆపరేషన్ పేరు, దాన్ని స్వయంగా చేసే సర్జన్ పేరు ఆ పత్రంలో ఉండాలి. పెద్ద డాక్టర్ కన్సల్టేషన్ చేసి, ఆపరేషన్ వేరొకరు చేసే పద్ధతికి అవకాశం ఇవ్వకూడదు. మన ఫొటోలను ప్రచారానికి వాడుకునే అనుమతిని వేరుగా అడగాలి, ఇష్టం లేకపోతే కొట్టేయాలి.

అందం కోసం చేసే ఆపరేషన్‌కు మెడికల్ ఇన్సూరెన్స్ సాధారణంగా రాదు, పైగా జీఎస్టీ వర్తిస్తుంది. ప్రమాదం, కాలిన గాయాలు, పుట్టుకతో వచ్చిన లోపం లాంటివి సరిచేసే ఆపరేషన్ల లెక్క వేరు. వాటికి హైదరాబాద్ ఉస్మానియాలో, విశాఖ కింగ్ జార్జ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ప్రైవేటులో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీ, మందులు, తర్వాతి చెకప్‌లు, మళ్లీ సరిచేయాల్సి వస్తే అయ్యే ఖర్చు విడివిడిగా రాయించుకోవాలి. ‘ఈరోజే కడితే సగం ధర’ అనే ఆఫరును వదులుకోవడమే మేలు.

తేడా వస్తే దారులు ఉన్నాయి. మెడికల్ రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య నియమావళిలో ఉంది. వృత్తిపరమైన తప్పిదంపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లించింది 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, రెండేళ్లలోగా వెళ్లాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారూ ఇలాగే సరిచూసుకోవచ్చు. అమెరికాలో ‘బోర్డ్ సర్టిఫైడ్’ అన్న మాట చాలదు, ఏ బోర్డు అన్నది చూడాలి. 1937లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీకి అక్కడి వైద్య స్పెషాలిటీ బోర్డుల సమాఖ్యలో గుర్తింపు ఉంది, కాస్మెటిక్ సర్జరీ బోర్డుకు లేదు. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ స్పెషలిస్ట్ రిజిస్టర్ చూడాలి. ఆస్ట్రేలియా అయితే 2023లో చట్టమే మార్చింది. సర్జరీలో శిక్షణ లేని డాక్టర్లు ‘సర్జన్’ అని చెప్పుకోవడాన్ని నిషేధించింది. సౌందర్య శస్త్రచికిత్సకు ఫ్యామిలీ డాక్టర్ రెఫరల్, సమ్మతి తర్వాత కనీసం ఏడు రోజుల విరామం తప్పనిసరి అయ్యాయి.

మన దగ్గర అలాంటి ఏడు రోజుల నియమం లేదు. కాబట్టి ఆ నియమాన్ని ఎవరికి వారే పెట్టుకోవాలి. అడ్వాన్సు కట్టేముందు డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుని ఇంటికి రండి. రిజిస్టర్‌లో చూడండి, ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. వారం తర్వాత కూడా అదే కోరిక, అదే నమ్మకం ఉంటే అప్పుడు తేదీ ఖాయం చేసుకోండి.